ఆ రోజు ఒరుగు నాలుగు

రోజు 40

పలకపేటలో తేలుతున్న సకల జీవులారా! ఆడవారు, మగవారు, మేకలు, కోళ్ళు, కమిటీ సభ్యులు ఒక్కసారి చెవులు ఇటు పెట్టవలెను. ఈ ఉదయం మన ఊరు పడమటి వైపుకు నాలుగు డిగ్రీలు ఒరిగి ఉన్నది. కావున సాంబారు గిన్నెలను ముప్పావు వంతుకు మించి నింపరాదు. పడమటికి తల పెట్టి పడుకున్నవారి దిండు జారినచో అది దయ్యం పని కాదు. దుంపల బుట్ట దొర్లి పక్కింట్లోకి పోయినచో ఆ దుంపలు పక్కింటివారివే అగును. ప్రెసిడెంటు గారి మేకను ఈ రోజు తూర్పున కట్టవలెను; అది ఎటు నిలబడితే ఊరు అటు వంగుతున్నదని ఫిర్యాదు వచ్చినది. ఇట్లు, ఒరుగు చెప్పే తాతబ్బాయి.

పొద్దున కొమ్ములో చదివింది ఇది. మేక సంగతి నేను కలిపాను. మిగతాది డ్యూటీ.

రెండు వందల ఇనప పలకలు గొలుసులతో కలిపి కట్టిన ఊరు మాది. నీళ్ళ మీద ఉంటుంది కాబట్టి రోజూ ఎటో ఒకవైపు వంగుతుంది. ఎంత వంగిందో ఊరి నడిమి స్తంభం అడుగున బిగించిన ఒరుగు గాజు చెబుతుంది. అదొక వంకర గొట్టం, లోపల ఎర్రనీళ్ళు. నలభై ఆరు మెట్ల నిచ్చెన దిగాలి, చూడాలి, ఎక్కాలి, కొమ్ములో అరవాలి. ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే. దిగి ఎక్కిన రోజు రాత్రి మోకాళ్ళకి ఆముదం పడాల్సిందే.

నేను చెప్పిన అంకె తీసేసుకునే ఊళ్ళో ఎవరి కొలతైనా. గోడ కట్టేవాడు, పడక చేసేవాడు, ఇంజను బిగించేవాడు అందరూ తమ కొలతలోంచి ఊరి ఒరుగు తీసివేసి మిగిలింది రాసుకుంటారు.

ఈ రోజు గాజు మీద పాచి పట్టి ఉంది. ఎర్రనీళ్ళ గీత సరిగా ఆనలేదు. నాలుగనిపించింది. నాలుగన్నాను.

బజ్జీల దానయ్య వారం నుంచి ఒకటే కోతలు. ఊరు తలకిందులైనా తన మూకుట్లో నూనె తొణకదట. నాలుగని వినగానే పొయ్యికి పడమటి పక్కన నాలుగు డిగ్రీల చీలలు కొట్టాడు. నూనె తీరిగ్గా తూర్పు అంచు ఎక్కి, అవతలికి దిగి, పొయ్యిని ఆర్పేసింది.

"ఒరేయ్ తాతబ్బాయ్! ఇది నాలుగేంట్రా?"

"నూనెని అడుగు. కోతలు కోసింది నువ్వు, మాట తప్పింది అది."

నవ్వి నవ్వి పక్కలు పట్టేశాయి. అక్కడిదాకా రోజు బాగుంది.

సాయంత్రం నూకరత్నం షెడ్డుకి వెళ్ళాను. నూకరత్నం అడుగు పని మనిషి. అంటే నీళ్ళలో మునిగి పలకల కింద పట్టిన నత్తగుల్లలు గీకే పని. పంతొమ్మిదేళ్ళుగా అదే చేస్తోంది. పొద్దున నీళ్ళ కింద, సాయంత్రం షెడ్డులో. మునిగిన ఊళ్ళ నుంచి తెచ్చిన సామానుతో ఒక నేల బండి కడుతోంది. ఇంజను ఒక జీపుది, వెనక ఇరుసు ఒక లారీది, చట్రం ఎవరిదో దేవుడికే తెలియాలి. మూడూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూడలేదు. వాటికి సంబంధం కుదర్చడమే తన పని.

రెండు రకాల ఇనుము కలిసి తిరగాలంటే కోణాలు కలవాలి. ఇంజను తోక ఎన్ని డిగ్రీలు కిందికి వంగిందో, వెనక ఇరుసు ముక్కు అన్ని డిగ్రీలు పైకి లేవాలి. అప్పుడు మధ్యలో షాఫ్టు రెండు కొసల్లో ఉన్న క్రాసులు, అంటే వంగుతూ తిరిగే కీళ్ళు, ఒకదాని కుదుపు ఒకటి మింగేస్తాయి. తేడా వస్తే రెండూ కొట్టుకుంటాయి. ఇది నాకు తెలిసింది కాదు, తను చెప్పింది.

ఇంజను దిమ్మల మీద కూర్చోబెట్టి, దాని మీద తన గురువు అబ్బులు మేస్త్రి ఇచ్చిన డిగ్రీ గేజి పెట్టింది. ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టింది.

"ఏడు. ఈ రోజు ఊరి ఒరుగు నాలుగే కదా బాబాయ్?"

దానయ్య నూనె అప్పటికే నాకు చెప్పేసింది, నాలుగు కాదని.

"నాలుగే," అన్నాను.

"ఏడులోంచి నాలుగు పోతే మూడు. నాకు కావలసింది మూడే." వెల్డింగు వేసేసింది. నేను సీసపు ముద్ర కొట్టాను.

ముద్ర పడ్డ కోణాన్ని మా ఊళ్ళో మళ్ళీ కొలవరు. పూర్వం ఇద్దరు మేస్త్రీలు ఒకే ఇంజనుని వేర్వేరు రోజుల్లో కొలిచి, నీది తప్పంటే నీది తప్పని పదేళ్ళు కొట్టుకున్నారు. అప్పటి నుంచి ఆ రోజు ఒరుగు, ఆ రోజు కొలత, ఆ రోజు ముద్ర. ఇంకెవరూ వేలు పెట్టకూడదు.


రోజు 41

ఒరుగు: పడమటికి ఒకటి.

ఊరు రాత్రికి రాత్రి మూడు డిగ్రీలు మారదు. జనమంతా ఒక మూల చేరి తిరనాళ్ళు చేసినా రెండు దాటదు. నిన్నా ఒకటే అయ్యుంటుంది. అంటే రత్నం ఇంజను తోక మూడు కాదు, ఆరు వంగి ఉంది.

చెబుదామని వెళ్ళాను. వెళ్ళిన మనిషిని చెప్పి రావచ్చు కదా.

రత్నం టీ ఇచ్చింది. "రోడ్డు తేలడానికి పదకొండు రోజులే బాబాయ్."

తీరం మీది పాత రోడ్డు ఏడాదికి మూడు రోజులే నీళ్ళ పైకి వస్తుంది. ఆ మూడు రోజుల్లో కమిటీ మనిషిని ఎక్కించుకుని, పదకొండో మైలురాయి దాకా ఆగకుండా వెళ్ళి వచ్చిన బండికి నేల లైసెన్సు ఇస్తారు. లైసెన్సు వస్తే నేల మీద ఉండొచ్చు, నేల మీద పని చేసుకోవచ్చు. రాకపోతే మళ్ళీ ఏడాది అడుగు పని.

"ఎడం చెవి పోయింది. కుడి చెవి ఇంకో ఏడాది నీళ్ళు తాగితే అదీ పోతుందన్నాడు డాక్టరు. ఇది నడిస్తే చాలు. ఇంకేమీ వద్దు నాకు."

ఒక ఇనప కడ్డీ ఇంజను మీద ఆనించి, రెండో కొస కుడి చెవికి పెట్టుకుంది. డాక్టరు గుండె విన్నట్టు. నవ్వింది. "విను, ఎంత బుద్ధిగా ఉందో."

నన్నూ వినమంది. విన్నాను. చల్లారిన టీ తాగి వచ్చేశాను.

చెబితే ఏమవుతుంది? దానయ్య జన్మంతా నవ్వుతాడు. ఇరవై రెండేళ్ళ ముద్రలన్నీ మళ్ళీ కొలవమంటారు. ఊరందరినీ ఏడిపించినవాణ్ణి, నన్నొక్కరు ఏడిపిస్తే తట్టుకోలేను. సిగ్గుచేటు మాట, కానీ అదే.


రోజు 44

ఒరుగు: తూర్పుకి అర.

ఒక ఉపాయం తట్టింది. చెప్పకుండా చెప్పే ఉపాయం. రత్నం నీళ్ళ కింద ఉన్న వేళ షెడ్డులోకి దూరి, ఇంజను దిమ్మ మీది ముద్ర తీగని కటింగు ప్లేయరుతో కత్తిరించాను. ముద్ర ఊడితే మళ్ళీ కొలవాలి కదా. కొలిస్తే తేలిపోతుంది కదా.

సాయంత్రం తనే ఇంటికి వచ్చింది, తల తడిగా.

"ఎలక కొరికేసింది బాబాయ్ ముద్ర."

"అయ్యయ్యో. మరైతే మళ్ళీ కొలవాల్సిందే అమ్మాయ్."

"ఎందుకూ? నీ పుస్తకంలో ఉంది కదా. నలభయ్యో రోజు, ఏడు, ఒరుగు నాలుగు, మిగిలింది మూడు. నువ్వు రాసిందే. కొత్త తీగ చుట్టి ముద్ర కొట్టేయ్."

"అయినా ఒకసారి..."

"నీ ముద్ర మీద నీకే నమ్మకం లేదా?" అని పకపకా నవ్వింది.

వెళ్ళి మళ్ళీ కొట్టాను. ఒకే అబద్ధానికి రెండో ముద్ర.


రోజు 47

ఒరుగు: సున్నా. ఏడాదికి ఒకటో రెండో వస్తాయి ఇలాంటి రోజులు. ఊరు పళ్ళెంలో నీళ్ళలా ఉంది.

ఈ రోజు వెనక ఇరుసు. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే దండగ. మనుషులెక్కితే బరువు మోసే కమాను కట్టలు దిగుతాయి, ఇరుసు ముక్కు కోణం మారిపోతుంది. అందుకని మోయబోయే బరువంతా ఎక్కించి కొలవాలి. రత్నం ఇసక బస్తాలు పేర్చింది. చాల్లేదు.

"బాబాయ్, నువ్వెంత బరువు?"

"పెళ్ళిలో అరవై. ఇప్పుడు అడక్కు."

"ఎనభై ఉంటావు. నాతో ఎక్కే కమిటీ జకరయ్య గారూ అంతే. వెనక సీట్లో కూర్చో, కదలకు."

కూర్చున్నాను. తను కింద వెల్లకిలా పడుకుని ఇరుసుకీ కట్టలకీ మధ్య సన్నటి చీల కొట్టింది, తీసింది, మళ్ళీ కొట్టింది. దెబ్బ పడ్డప్పుడల్లా నా కింద సీటు అదిరింది. చీల ఒకటి మందమైతే తీసేసింది, ఇంకోటి పల్చనైతే పారేసింది. గంటన్నర నేను బరువుగా కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక పనికొచ్చే పని అదేనేమో, అదీ నోరు మూసుకుని చేశాను.

కింద నుంచి మాటలు: "సున్నా పెట్టేస్తే గొడవే లేదనుకుంటారు కొందరు. రెండూ తిన్నగా. తప్పు బాబాయ్. క్రాసులో సూది బేరింగులుంటాయి. కొంచెం వంపు ఉంటేనే అవి దొర్లుతాయి. లేకపోతే ఒకేచోట నలిగి గుంటలు పడతాయి. ఒక డిగ్రీ అయినా వంగాలి. మనుషులు కూడా అంతే అనేవాడు అబ్బులు మేస్త్రి. అదిగో! మూడు. ఇంజను మూడు కిందికి, ఇది మూడు పైకి. ఇక దిగు."

"రత్నం..."

"ఆఁ?"

"కాలు తిమ్మిరెక్కింది," అన్నాను.

మా ఊళ్ళో అన్నిటికన్నా పొడుగైన వీధి నూట తొంభై మీటర్లు. బండి ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళేసరికి ఇరవై స్పీడు కూడా అందుకోదు. ఇరవైలో షాఫ్టు ఏమీ మాట్లాడదు. జనం చప్పట్లు కొట్టారు. దానయ్య బజ్జీలు పంచాడు. నేనూ తిన్నాను.


రోజు 52

ఒరుగు: పడమటికి రెండు. జనమంతా రోడ్డు చూడటానికి ఆ వైపే చేరారు.

రోడ్డు తేలింది. నాచు పట్టి నల్లగా, తిమింగలం వీపులా. బండిని బల్లకట్టు మీద ఒడ్డుకి దాటించారు. ముందు సీట్లో రత్నం, పక్కన కమిటీ జకరయ్య గారు, ఈ రోజు కోసమే దాచుకున్న తెల్ల టోపీతో. వెనక నేను. ముద్ర వేసినవాడు బండిలో ఉండాలని రూలు.

ఇంజనులో పోసిన చేప నూనె వాసనతో బయల్దేరాం. ముప్పై. బాగుంది. నలభై. ఎక్కడో తేనెటీగ చప్పుడు. నలభై అయిదు. అద్దంలో రత్నం మొహం రెండుగా కనపడింది.

"ఏంటమ్మా ఈ వణుకు?" అన్నారు జకరయ్య గారు.

రత్నం కుడి చెవి అటు తిప్పి వింది. ఒక్క క్షణం. "షాఫ్టు మాట్లాడుతోంది. ఎందుకు మాట్లాడుతోంది?" అంది. ఆయనతో కాదు, బండితో.

తగ్గిద్దామని కాలు తీసేలోపే క్రాసు విరిగింది. షాఫ్టు ముందు కొస ఊడి రోడ్డులో దిగబడి, వెనకభాగాన్ని ఎత్తి కుదేసింది. ఆరో మైలురాయి దగ్గర. జకరయ్య గారి ముందు పన్నొకటి టోపీలో దొరికింది. నాకేమీ కాలేదు. నాలాంటివాళ్ళకి కాదు.

రత్నం దిగి బండి కింద దూరి, విరిగిన క్రాసు చేతిలో పెట్టుకుని బయటికొచ్చింది. ఏడవలేదు. రోడ్డు మీద కూర్చుని, దాన్ని గుడ్డతో తుడిచింది. ఇక పనికిరాని దాన్ని శుభ్రంగా తుడిచింది.


రోజు 54

ఒరుగు: ఒకటి.

కమిటీ కూర్చుంది. విరిగిన బండికి ముద్ర రూలు లేదని మళ్ళీ కొలిచారు, ఇంజను తోక ఆరు అని తేలింది. మూడు అని ముద్ర ఉంది. మరి మూడు ఎలా జారింది?

రత్నం లేచి నిలబడింది. "నా వెల్డింగే వంగిపోయుంటుందండి. పనితనం చాల్లేదు. తాతబ్బాయి బాబాయ్ ముద్రలో తప్పుండదు." అబ్బులు మేస్త్రి గేజిని బల్ల మీద పెట్టేసింది. "ఇది నా దగ్గర ఉండకూడదండి. దీని పరువు తీశాను."

అప్పుడిక ఉండలేకపోయాను. లేచాను. నలభయ్యో రోజు గాజు మీద పాచి పట్టి ఉందనీ, గీత సరిగా ఆనలేదనీ, నాలుగన్నది తప్పయ్యుండొచ్చనీ చెప్పాను.

జకరయ్య గారు పన్ను లేని నోటితో, "ఒప్పుకోవడానికి గుండె కావాలి. నిజాయితీపరుడు," అన్నారు. దానయ్య వచ్చి భుజం తట్టాడు. దానయ్య!

తీర్పు: రత్నం తప్పేమీ లేదు. గేజి తనకే. పాచి దైవికం. కానీ రోడ్డు రేపటికి మునుగుతుంది, లైసెన్సు పరీక్ష వచ్చే ఏడాదే. అప్పటిదాకా అడుగు పని.

రత్నం నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నా చెయ్యి మంచిదేనన్నమాట బాబాయ్. చాలు. నువ్వు చెప్పకపోతే బతికినన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని."

ఇంటికొచ్చి పడుకున్నాను. మా ఆవిడ మంగాయమ్మ ఆముదం గిన్నె తెచ్చి, మోకాళ్ళకి రాస్తూ రాస్తూ ఆగింది.

"నలభయ్యో రోజు ఆముదం అడగలేదు నువ్వు," అంది.

గోడ వైపు తిరిగాను.


రోజు 55

ఒరుగు: ఒకటి.

రత్నం నాతోపాటు నిచ్చెన దిగింది. "రోజూ పలకలు గీకే చెయ్యి. నీ గాజు కూడా గీకుతాను. ఇంకొకళ్ళ బండికి ఇలా కాకూడదు."

ఒరుగు గాజు మీద ఆకుపచ్చగా పాచి. గోటితో గీకి, గుప్పెడు తీసి చూపించింది. "ఇంత ఉంటే ఎవరికి కనపడుద్ది బాబాయ్. పాపం నువ్వేం చేస్తావు."

వారానికోసారి వస్తానంది.


రోజు 120

ఒరుగు: తూర్పుకి ఒకటిన్నర.

తను ప్రతి వారం వస్తోంది. ఎనిమిది గంటలు నీళ్ళ కింద గీకి, ఆ తర్వాత నా గాజు. వద్దన్నాను. ఎన్నోసార్లు. గాజు మెరుస్తోంది. "చూశావా, నేను కడుగుతున్నాను కాబట్టే పట్టట్లేదు," అంటుంది.

ఈ వారం నేను రెండుసార్లు పిలిస్తే గాని తిరగలేదు.


రోజు 171

ఒరుగు: పడమటికి ఒకటి.

పొద్దున కొమ్ములో చెప్పాక, రత్నం షెడ్డు ముందు నిలబడి వేళ్ళు చూపించి అడిగింది. ఎంత? ఎటు? కొమ్ము వినపడలేదట. కుడి చెవీ పోయింది. రాత పలక మీద సుద్దతో రాసి చూపించాను. కృతజ్ఞతగా తలూపి, ఇంజను మీద కడ్డీ పెట్టి, రెండో కొస పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. ఎముకలతో వింటోంది. వచ్చే ఏడాదికి మళ్ళీ కడుతోంది.

ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఒకరోజు ధైర్యం తెచ్చుకుని కొమ్ములోనే చెప్పేద్దామని. ఊరంతా వింటుంది, నవ్వుతుంది, ఉమ్మేస్తుంది, అయిపోతుంది. ఇప్పుడు ఊరంతా విన్నా, వినాల్సిన మనిషికి వినపడదు. అందుకే ఈ పుస్తకం. రేపు పొద్దున ఒరుగు చెప్పే ముందు దీన్ని నీ చేతిలో పెడతాను రత్నం. చివరి పేజీ ముందు చదువు.

నలభయ్యో రోజు నేను నిచ్చెన దిగలేదు. మెట్టు మీద కాలే పెట్టలేదు. దానయ్య మూకుడు తొణకదన్నాడు, తొణికించాలనిపించింది. రెండంటే చాలదు, అయిదంటే నమ్మరు. నాలుగన్నాను. నీ బండి కట్టింది ఆ నాలుగు మీద.

గాజు మీద పాచి ఎప్పుడూ లేదు. యాభై అయిదో రోజు నువ్వు గీకి నాకు చూపించిన గుప్పెడు పాచి, తెల్లారగట్ల నేను పలక అంచు నుంచి గోకి తెచ్చి, నా చేత్తో అంటించింది.